రన్‌వే మీద మక్కలు

విమానాల సంగతి మా ఊళ్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అందరి నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది నేనే. పన్నెండేళ్లు దుబాయ్‌లో ఎయిర్‌పోర్టులో పనిచేసి వచ్చాను. ఏం పని జగదీశ్ అని అడిగితే "రన్‌వే మీద" అనేవాణ్ని. అబద్ధమేం కాదు. రన్‌వే మీదే ఉండేవాణ్ని, ఊడుస్తూ. ఇరవై మందిమి ఒక వరుస కట్టి, తలలు వంచుకుని నడుస్తూ, నట్టు కనబడినా గులకరాయి కనబడినా ఏరి సంచిలో వేసుకునేవాళ్లం. ఆ తర్వాత పొడుగాటి బ్రష్షులు పట్టేవాళ్లం. ఊరికి వచ్చాక "ఊడ్చాను" అన్న మాట ఎందుకో నోట్లోంచి బయటికి రాలేదు. మా అవ్వ గంగమ్మ మాత్రం తన కొడుకు విమానాలకు దారి చూపే ఆఫీసరని రుద్రంగి దాకా చాటింపు వేసింది. నేను కాదనలేదు. మెచ్చుకుంటే ఎవరికి చేదు?

మా ఊరు రుద్రంగికీ కోరుట్లకూ నడుమ ఉంటుంది. ఊరవతల ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పంటలకు విమానంతో మందు కొట్టిస్తామని ఎప్పుడో వేశారట. మందు కొట్టిందీ లేదు, విమానం దిగిందీ లేదు. ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం నాయకుల హెలికాప్టర్లు దిగేవి. తూర్పు నుంచి పడమటికి ముప్పావు కిలోమీటరు పొడవు. పడమటి కొస దాటి నాలుగడుగులు వేస్తే గట్టు కూలిన పాత వ్యవసాయ బావి.

నల్లగా, చదునుగా నేల కనబడితే మా దిక్కు రైతుకు చెయ్యి ఊరుకోదు. అది రోడ్డయినా సరే, బడి ముందటి గచ్చయినా సరే, ధాన్యం పోసి ఆరబెట్టాల్సిందే. ఈసారి యాసంగి పంటగా మక్కలు, అంటే మొక్కజొన్నలు, విరగపండాయి. "అన్నా, స్ట్రిప్ మీద పోద్దమా? విమానం గిట్ల వస్తదా?" అని ట్రాక్టర్ లచ్చయ్య అడిగాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, "గీ జన్మల రాదు. నా మాట మీద పోయుండ్రి" అన్నాను.

నా మాట మీద నలభై ఇళ్లవాళ్లు పోశారు. బండ్లు ఎక్కకుండా ఎవరి మక్కల చుట్టూ వాళ్లు తలకాయంత రాళ్లు పేర్చుకున్నారు. ఒక్క నట్టు లెక్క తేలకపోతే పెద్ద పెద్ద విమానాలను ఆపేసే చోట పనిచేసిన మనిషిని, ఆ రాళ్లను చూసి కూడా నోరు మెదపలేదు. చూడవచ్చిన వాళ్లకు టీ కూడా తాగించాను.

ఏప్రిల్ నెల. పొద్దున పదకొండు కావస్తోంది. కోరుట్లలో ఖాళీ సంచులు కొనుక్కుని బండి మీద వస్తుంటే లచ్చయ్య ఫోన్ చేశాడు.

"అన్నా, దొర మనుమరాలు విమానం నడుపుకుంట వస్తున్నదట. ఇంజన్‌ల నూనె కారుతున్నదట. మన స్ట్రిప్ మీదనే దింపుతదట."

"ఎంతసేపట్ల?"

"ఇర్వై నిమిషాలని చెప్పిండ్రట. నువ్వేం రంది పెట్టుకోకు. దొర నిలబడి జాగ చేపిస్తున్నడు."

దొర అంటే పురుషోత్తం రావుగారు. దొరతనం పోయి ఎన్నో ఏళ్లయినా పిలుపు మిగిలింది. మనిషి మంచివాడే, కాకపోతే తనకు తెలియనిది ఈ భూమ్మీద లేదనుకుంటాడు. ఆయన మనుమరాలు వైష్ణవి, ఇరవై రెండేళ్ల పిల్ల, మహారాష్ట్రలో ఎక్కడో విమానం నడపడం నేర్చుకుంటోంది. ఆ రోజు ఒక్కతే హైదరాబాద్‌కు బయల్దేరిందట. గోదావరి దాటాక ఇంజన్ మొరాయించింది. తాత ఊరి పక్కన స్ట్రిప్ ఉందని చిన్నప్పటి నుంచీ చూసిన పిల్ల కాబట్టి అక్కడ దింపుతానని రేడియోలో చెప్పింది. వాళ్ల బడి పెద్దసారు రావుగారికి ఫోన్ చేసి స్ట్రిప్ ఖాళీగా ఉందా అని అడిగితే, "లేదు, గాని చేపిస్త" అన్నాడట ఈయన.

రాళ్లు. నలభై ఇళ్ల రాళ్లు. ఒక్కటి ముందు చక్రానికి తగిలితే చాలు, ఆ పిల్ల తలకిందులవుతుంది. అక్కడ పోయమన్నది నేను. బండిని ఎంత తోలానంటే, వెనక కట్టిన సంచుల మోపు ఎక్కడ జారిపడిందో ఇప్పటికీ తెలియదు.

స్ట్రిప్ దగ్గరికి వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. చెమటలు కారుతూ, మక్కల దుమ్ము కొట్టుకుని, ముఖాలు వెలిగిపోతున్నాయి. లచ్చయ్య ఎదురొచ్చి గర్వంగా చెయ్యి చూపించాడు. చూశాను. స్ట్రిప్ సరిగ్గా నడిమధ్యలో, గీత గీసినట్టు గుండ్రంగా, ఒక్క గింజ లేకుండా ఖాళీ చేశారు. ఆ గుండ్రంలో సున్నంతో హెచ్ అక్షరం వేశారు. పక్కన తడి గడ్డి కుప్పకు నిప్పుపెట్టి పొగ కూడా లేపారు. ఆ గుండ్రానికి అటూ ఇటూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా, మక్కలు, రాళ్లు, మక్కల మీద కప్పే పరదాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

వాళ్లను ఏమనాలి? మా ఊళ్లో ఆకాశం నుంచి దిగిన ప్రతిదీ నిలువునా దిగింది. దానికి గుండ్రం చాలు. వీళ్లు పదిసార్లు చేసిన పనే పదకొండోసారి చేశారు, అదీ అన్నిసార్ల కంటే బాగా చేశారు.

"దొరా," అన్నాను, ఊపిరి అందక. "గది హెలికాప్టర్ కాదు. విమానం. గది నిలబడి దిగది. ఉరుక్కుంట దిగుతది. గీ పొడుగంత కావాలె."

రావుగారు నన్ను ఎగాదిగా చూశాడు. "నాకు తెలువదా జగదీశ్? ఎంతమంది లీడర్లను దింపిన గీడ."

"లీడర్లను దింపిండ్రు. మనుమరాలిని చంపుతరు."

అంత మాట ఆయనతో మా ఊళ్లో ఎవరూ అనలేదు. నాకు కోపం వచ్చిందంటే నోటికి తాళం ఉండదు, కానీ ఆ కోపం ఆయన మీద కాదని నాకే తెలుసు. ఆయన ముఖం పాలిపోయింది. తిట్టలేదు.

"నువ్వు విమానాల కాడ చేసినోనివి. ఏం చేయాల్నో చెప్పు" అన్నాడు. ఆ తర్వాత, చిన్నగా, "నాకు అదొక్కతే ఉన్నది" అన్నాడు.

ఎంత టైం ఉందని అడిగితే పది పన్నెండు నిమిషాలన్నారు. అప్పుడే నా ఫోన్ మోగింది. ముత్యంపేట నుంచి మా బామ్మర్ది. "బావా, మా చక్కెర ఫ్యాక్టరీ గొట్టం మీదికెల్లి చిన్న విమానం పోయింది. కిందికే పోతున్నది. మీ దిక్కే."

"ముందుగాల మక్కలు కాదు, రాళ్లు" అని అరిచాను. "మొగోళ్లంత రాళ్లు ఏరి అవతల పారేయుండ్రి. ఒక్కటి ఉన్నా ఆ పిల్ల ఉండది. ఆడోళ్లు పరదాలు గుంజుండ్రి. లచ్చయ్యా, ట్రాక్టర్‌కు బ్లేడ్ దించు. నడుమల ఇర్వై అడుగులు చాలు, మక్కలు రెండు దిక్కుల నూకు. ఎవలి మక్కలు ఎవలియి అని సూడకు."

ఎటునుంచి మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. ఈ కొస ఖాళీ చేస్తే ఆ కొస మీద దిగిందనుకోండి, అంతే సంగతులు. గాలి ఎటుందని నేను నిలబడి ఆలోచిస్తుంటే మా అవ్వ పక్కనుంచి, "పొద్దటి సంది పడమటి గాలే. తూర్పార పట్టినదాన్ని, నాకు తెలువదా" అంది. అంటే ఆ పిల్ల తూర్పు కొస నుంచి వచ్చి పడమటికి పరుగెడుతుంది. తూర్పు నుంచి మొదలుపెట్టాం.

మా అవ్వ మక్కలు పడమటి కొసన, బావి వైపు ఉన్నాయి. "కొడుకా, మరి నాయి?" అంది. "గా కొసకు చేరినప్పుడు సూద్దమవ్వా" అని పరుగెత్తాను.

అంతమంది ఒకేసారి అలా పనిచేయడం నేను పుట్టి చూడలేదు. రాళ్లు చేతులు మారుతూ ఎగిరి పొలాల్లో పడుతున్నాయి. లచ్చయ్య ట్రాక్టర్ బ్లేడ్ పచ్చటి మక్కలను రెండు గట్లుగా చీల్చుకుంటూ పోతోంది. నాలుగు నెలలు నీళ్లు కట్టి కాపాడుకున్న గింజలు పక్కవాళ్ల గింజలతో కలిసిపోతుంటే ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అయ్యో నా మక్కలు అనలేదు. వేరే రోజైతే బెత్తెడు జాగ కోసం తలలు పగలగొట్టుకునేవాళ్లు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైం లేదు.

ట్రాక్టర్ పోయినా గింజలు, చిన్న రాళ్లు మిగులుతున్నాయి. కల్లం ఊడ్చే పొడుగు కట్టె పొరక ఒకటి కనబడితే అందుకున్నాను. చేతులకు నేనేం చెప్పనక్కర్లేకపోయింది. పాదం పక్కగా పెట్టి, నడుం వంచకుండా, ఏటవాలుగా ఒక్కో తోపు. నా వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్లను వరుసగా నిలబెట్టాను. "నేను నూకింది నా పక్కామె అందుకోవాలె, ఆమె నూకింది ఇంకొకామె. ఎవలూ ఆగద్దు, ఎవలూ ముంగటికి ఉరకద్దు." రెండు నిమిషాల్లో వాళ్ల కాళ్లు ఒక్క లెక్కన పడ్డాయి. నల్లటి తారు మా వెనక అద్దంలా బయటపడుతూ వచ్చింది. పొగ పెట్టిన గడ్డి కుప్పను పక్కకు లాగించాను గానీ ఆర్పనివ్వలేదు. గాలి ఎటుందో ఆ పిల్లకు పైనుంచి కనబడుతుంది. రావుగారి తెలివి అలా ఒకందుకు పనికొచ్చింది.

ఫోన్ మళ్లీ మోగింది. కోరుట్ల బస్టాండ్ నుంచట, ఎవరో లచ్చయ్య చుట్టం. నెత్తి మీదినుంచి పోయిందని, వెనక నల్లటి పొగ వస్తోందని చెప్పాడు. కోరుట్ల నుంచి మాకు బండి మీద అరగంట. దానికి నాలుగైదు నిమిషాలు.

అప్పటికి సగం దాటాం. హెచ్ గుండ్రం కూడా దాటాం. ఇంకా మూడు వందల గజాలు చేసుంటాం, ఉత్తరం దిక్కు చప్పుడు వినబడింది. పాత మోపెడ్ దగ్గినట్టు ఆగి ఆగి వస్తోంది. అందరూ తలలెత్తారు. తెల్లటి బుల్లి విమానం, రెక్కలు పైన ఉండే రకం, చెట్ల మీదుగా వచ్చి మా మీదినుంచి ఒక్క చుట్టు తిరిగింది. మావాళ్లు పనంతా వదిలేసి టవళ్లు ఊపడం మొదలుపెట్టారు. కొందరైతే ఫోన్లు తీసి స్ట్రిప్ మధ్యలో నిలబడ్డారు.

"పక్కకు జరుగుండ్రి" అని నేను అరిచిన అరుపుకు గొంతు చీలింది. కట్టె పొరక తిప్పుతూ వాళ్ల మీదికి ఉరికాను. ఇద్దరికి తగిలింది కూడా. తగలనీ.

పడమటి కొసన ఇంకా వంద గజాల మక్కలున్నాయి. మా అవ్వవీ, ఆ పక్కన ఇంకో ముగ్గురివీ. రాళ్లు తీశారు గానీ గింజ కదల్లేదు. జానెడు మందం. లచ్చయ్యను పిలిచి, ట్రాక్టర్ అటు తిప్పు, తొందరగా తిప్పు అన్నాను. అతను తిప్పబోయాడు. అంతలో చప్పుడు ఆగిపోయింది.

దగ్గు లేదు, ఏమీ లేదు. ఇంజన్ చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని నేను బతికినంత కాలం మరిచిపోను. ఇక ఆ పిల్లకు రెండో చుట్టు లేదు. ఉన్నదొక్కటే అవకాశం. "ట్రాక్టర్ దించు, దిగువకు పో" అని లచ్చయ్యను పొలంలోకి తరిమాను. రావుగారు పొగ పక్కన రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

విమానం తూర్పు నుంచి వచ్చింది. ఎత్తు ఎక్కువగా ఉంది. దిగు, దిగు బిడ్డా, అని నాలో నేను అనుకుంటున్నాననుకున్నాను, బయటికే అంటున్నానట. మేం అద్దంలా ఊడ్చిన తూర్పు సగమంతా దాని కిందినుంచి ఉత్తగా జారిపోయింది. సరిగ్గా గుండ్రం దాటాక చక్రాలు నేలను తాకాయి. ఒకసారి ఎగిరింది. మళ్లీ తాకింది. ఈసారి నిలిచింది. బ్రేకులు కీచుమన్నాయి, చక్రాల దగ్గర పొగ లేచింది, వేగం మాత్రం తగ్గాల్సినంత తగ్గలేదు. మేం ఊడ్చిన దారి అయిపోయింది.

విమానం మక్కల్లోకి దూసుకుపోయింది.

గింజలు వడగళ్ల వానలా లేచి మా ముఖాలకు కొట్టాయి. చక్రాలు దిగబడ్డాయి. ముందు చక్రం కాలు ఫట్‌మని విరిగింది, ముక్కు నేలకు తగిలింది, రెక్క ఒకటి గింజలను దున్నుకుంటూ పోయింది, తోక పైకి లేచి అక్కడే ఒక్క క్షణం నిలబడింది. తలకిందులైంది అనుకున్నాను. తోక మళ్లీ కిందికి పడింది. దుమ్ము. ఆ దుమ్ములో నేను అందరికంటే ముందు ఉరుకుతున్నాను.

పెట్రోల్ వాసన గుప్పుమంది. వెనక్కి తిరిగి, "బీడీలు ఆర్పుండ్రి, దగ్గరికి రాకుండ్రి" అని అరిచి తలుపు పట్టి లాగాను. రాలేదు. లచ్చయ్య వచ్చి పడ్డాడు. ఇద్దరం లాగితే ఊడొచ్చింది. నుదుటి మీద నెత్తురుతో వైష్ణవి మమ్మల్ని చూసి, బెల్టు తానే విప్పుకుంది. మేం చెరో చెయ్యి పట్టుకుని దించాం. పొలంలోకి తీసుకుపోయి కూర్చోబెట్టేసరికి రావుగారు వచ్చి, మనుమరాలి పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పిల్లే తాతను ఊరుకోబెట్టింది.

తర్వాత లచ్చయ్య అడుగులు కొలిచాడు. విమానం ముక్కు నుంచి బావి దాకా పద్దెనిమిది అడుగులు.

ఆ సంగతి తెలియగానే ఊరంతా నా మీద పడింది. ఎవరో నన్ను అమాంతం ఎత్తి దించారు. జగదీశ్ కావాలనే ఆ కొస మక్కలు ఉంచిండు, బ్రేకులు పట్టయని ముందే తెలుసు, గది ఆఫీసర్ దిమాగ్ అంటే, అని ఒకరు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. పది ఫోన్లు నా ముఖానికి అడ్డంగా వచ్చాయి, చెప్పు అన్నా, వీడియో పెడుతున్నాం అని. సిరిసిల్ల దాకా, జగిత్యాల దాకా సాయంత్రానికల్లా పోతుంది. నిజం చెప్తున్నా, నాకు ఎంత బాగనిపించిందో. పన్నెండేళ్ల ఎండ ఒక్కసారి చల్లబడ్డట్టయింది. అవునంటే చాలు. అవునన్నది కూడా అనక్కర్లేదు, ఎప్పటిలా కాదనకుండా ఉంటే చాలు.

వైష్ణవి నుదుటికి గుడ్డ అదిమిపెట్టుకుని నా దగ్గరికి నడిచివచ్చింది.

"అంకుల్, ఆ మక్కలు లేకపోతే బావిలో పడేదాన్ని. అవి ఉంచమని మీరే చెప్పారట కదా?"

ఆ పిల్ల కళ్లలోకి చూసి అబద్ధం ఆడలేకపోయాను. నా మాట మీద రాళ్లు పేర్చిన నేల మీదికే ఆ పిల్ల దిగాల్సి వచ్చింది. అది తెలియక నాకు దండం పెట్టేట్టుంది.

"లేదు బిడ్డా. ఉంచలే. టైం సరిపోలే. ఇంకో రెండు నిమిషాలుంటే గవి కూడ తీసేద్దును. తీస్తె నువ్వు బావిల ఉందువు."

ఫోన్లు పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. ఆపితే మళ్లీ నోరు రాదని నాకు తెలుసు.

"ఇంకోటి. గీడ మక్కలు పోయుండ్రని చెప్పింది నేనే. విమానం రాదని చెప్పింది నేనే. దొర తప్పు లేదు, ఊరోళ్ల తప్పు లేదు. నేను ఆఫీసర్‌ను కాదు. దుబాయ్‌ల రన్‌వే ఊడ్చిన. పన్నెండేండ్లు. గా రాళ్లు గీడ ఉండద్దని ఈ ఊళ్ల నా ఒక్కనికే ఎరుక, నేనే సప్పుడు చేయలే."

రావుగారి దవడ బిగుసుకుంది. తిట్టినా కొట్టినా పడదామనే నిలబడ్డాను. ఆయన రెండడుగులు నా ముందుకు వచ్చాడు. "గీ మాట నిన్న చెప్తే బాగుండు" అన్నాడు. అది చాలు, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అంతలో వైష్ణవి కోసం 108 వచ్చింది. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్కేముందు నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

పోలీసులు వచ్చారు. విమానాల అధికారులు వచ్చి చూసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దన్నారు. జనం పలచబడ్డారు. నావైపు చూడకుండా పోయినవాళ్లు కొందరు, చూసి నవ్వినవాళ్లు కొందరు. దున్నేసినట్టున్న తన మక్కల పక్కన మా అవ్వ కూర్చుని ఉంది. అందరికంటే ఆమె ముఖం చూడటమే కష్టమైంది నాకు. రుద్రంగి దాకా చెప్పుకున్న మనిషి. దగ్గరికి పోయి కూర్చున్నాను.

"అవ్వా, నీ పరువు తీసిన."

అవ్వ తూర్పు దిక్కు చూస్తోంది. మేం ఊడ్చిన దారి ఎండలో నల్లగా, గీతలా పరుచుకుని ఉంది. దాని మీద ఒక్క గింజ లేదు, ఒక్క రాయి లేదు.

"దిగినప్పుడు గా విమానం ఎగిరింది సూడు" అంది. "గప్పుడు దాని కింద ఒక్క రాయి ఉంటే?"

"పల్టీ కొడుతుండె."

"మరి గదెవలు ఊడ్చిండ్రు?"

అవ్వ కొంగుతో నా ముఖం మీది మక్కల దుమ్ము తుడిచింది.

"నువ్వు పొరక పట్టంగనే నాకు సమజైంది కొడుకా. ఆఫీసర్లు గంత సాపుగ యాడ ఊడుస్తరు" అంది. కొంచెం దూరంలో నిలబడ్డ రావుగారికి కూడా వినబడేంత గట్టిగానే అంది.